బ్లేడు కరగదు, సాగుతుంది

1944లో మెస్సర్‌ష్మిట్ 262 యుద్ధవిమానాలకు బిగించిన జర్మన్ జుమో 004బి జెట్ ఇంజన్ మహా అయితే పాతిక గంటలు తిరిగేది. ఆపైన విప్పాల్సిందే. ఇంజన్‌లో వేడి వాయువు తోసి తిప్పే చక్రం టర్బైన్, దాని రెక్కలే బ్లేడ్లు. వాటికి వేడిని తట్టుకునే నికెల్ కావాలి, యుద్ధంలో దానికి కటకట. దాంతో క్రోమియం, మాంగనీస్ కలిపిన ఉక్కు రేకును మడిచి, వెల్డింగ్ చేసి బోలు బ్లేడ్లు తయారుచేశారు, లోపలికి గాలి పంపి చల్లబరిచారు. బ్రిటన్‌కు నిమోనిక్ 80 అనే నికెల్ మిశ్రమం ఉంది కాబట్టి బోలు చేయని బ్లేడ్లతోనే నెట్టుకొచ్చింది. గతిలేక జర్మన్లు పట్టిన దారికే చివరికి అందరూ వచ్చారు.

బ్లేడును అపకేంద్ర బలం ఎప్పుడూ బయటికి లాగుతూనే ఉంటుంది. ఎర్రగా కాలిన లోహం ఆ లాగుడుకు గంటగంటకూ కాస్త సాగుతుంది. ఇదే క్రీప్. లోహపు వేడి 10-15 డిగ్రీలు పెరిగితే చాలు, ఆయుష్షు ఇంచుమించు సగమవుతుంది. సాగిన బ్లేడు కొస చుట్టూ ఉన్న తొడుగుకు, అంటే కేసింగ్‌కు రాసుకుంటుంది. లేదంటే లోహంలోని చిన్న స్ఫటికాల, అంటే గ్రెయిన్ల హద్దులు లాగుడుకు అడ్డంగా ఉన్నచోట పగులుతుంది.

ఆ అడ్డు హద్దుల్ని తీసేయడానికి 1960ల్లో అమెరికాలో ప్రాట్ అండ్ విట్నీ పోత పద్ధతినే మార్చింది. నీళ్లతో చల్లబడే రాగి పలక మీద అచ్చును నిలబెట్టి, కొలిమిలోంచి నిమిషానికి కొన్ని మిల్లీమీటర్ల చొప్పున కిందికి దించుతారు. గ్రెయిన్లు నిలువుగా పెరుగుతాయి. అడుగున పందితోక మెలికలాంటి సన్నని దారి పెడితే ఒక్క గ్రెయినే పైకి వస్తుంది, బ్లేడంతా ఒకే స్ఫటికం. హద్దులే లేనప్పుడు వాటిని గట్టిపరిచే బోరాన్, కార్బన్ బాగా తగ్గించవచ్చు. దాంతో మిశ్రమం కరగడం మొదలయ్యే ఉష్ణోగ్రతా పెరుగుతుంది. ఇలాంటి బ్లేడ్లు 1982లో ప్రయాణికుల విమానాలకు ఎక్కాయి.

ఇప్పటి ఇంజన్లలో వాయువు 1,500 డిగ్రీలు దాటుతోంది. బ్లేడ్లలో ప్రధాన లోహమైన నికెల్ 1,455కే కరుగుతుంది. బ్లేడును కాపాడేది ఇంజన్ ముందుభాగంలో గాలిని నొక్కే కంప్రెసర్ నుంచి బ్లేడులోని సన్నని రంధ్రాల్లోకి మళ్లించిన గాలి, పైన వేడిని అడ్డుకునే జిర్కోనియా అనే సిరామిక్ పలుచటి పూత. చల్లగాలి అంటాం గానీ అదీ 600 డిగ్రీల దగ్గర ఉంటుంది. ఒక్క రంధ్రం దుమ్ముతో పూడినా అక్కడి లోహం కాలిపోతుంది. విమానం పీల్చిన ఇసుక, దుమ్ము 1,200 దాటాక కరిగి పూతలోకి ఇంకుతాయి, ఇంజన్ చల్లారేటప్పుడు పూత పెచ్చులూడుతుంది. పోనీ వేడి తగ్గిస్తే సరిపోతుందా అంటే, అదీ కాదు. సముద్రపు ఉప్పు, ఇంధనంలోని గంధకం కలిసి ఏర్పడే సోడియం సల్ఫేట్ 700 డిగ్రీల దగ్గర కూడా లోహాన్ని గుంటలు గుంటలుగా తినేస్తుంది.

హైదరాబాద్‌లోని రక్షణశాఖ లోహ పరిశోధనశాల డీఎంఆర్‌ఎల్ తయారుచేసిన 60 ఏకస్ఫటిక బ్లేడ్లు 2021లో హెలికాప్టర్ ఇంజన్ కోసం ప్రభుత్వ విమాన తయారీ సంస్థ హెచ్‌ఏఎల్‌కు అందాయి. ఈ పనిలో ప్రాణం తీసేది సిరామిక్ కోర్. బ్లేడు బోలుగా రావడానికి అచ్చులో పెట్టే, గాలిదారుల ఆకారంలో ఉండే ఆ కోర్ పోతలో కొద్దిగా పక్కకు జరిగినా బ్లేడు గోడ ఒకవైపు పలచబడుతుంది. ఆ బ్లేడు తుక్కులోకే.