పట్టాల పని: జనం అనుకునేది, మేం చేసేది

మహబూబ్‌నగర్ రైల్వే సెక్షన్‌లో ముప్పై ఏళ్లకు పైగా రైలు పట్టాల మీద పనిచేశాను. పట్టాలు బాగుచేసే గ్యాంగ్‌మన్‌గా చేరి, పట్టాల వెంట చూసుకుంటూ పోయే కీమ్యాన్‌గా నడిచి, గ్యాంగ్‌కు పెద్ద అయిన మేట్‌గా రిటైరయ్యాను. మా మేనల్లుడు బ్రిటన్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ, ఆదివారాలు ఒక పాత ఆవిరి రైలు మార్గంలో పైసా తీసుకోకుండా పట్టాల పనికి పోతున్నాడు. మొన్న దసరాకు వచ్చి ఆ సంగతులు చెప్తుంటే మా వాడకట్టు వాళ్లు మా ఇద్దరినీ చాలా అడిగారు. వాటిలో సగం అపోహలే.

అపోహ: పట్టాలు ఒకసారి వేస్తే ఇక చూసే పని ఉండదు.

పట్టా నేలకు బిగించినది కాదు, కంకర మీద కూర్చున్నది. రైలు పోయిన ప్రతిసారీ కొంచెం దిగుతుంది, మళ్లీ లేస్తుంది. ఎక్కడో ఒకచోట దిగింది దిగినట్టే ఉండిపోతుంది. దాన్ని మేం స్లాక్ అంటాం. నిలబడి చూస్తే అది కనిపించదు. మేట్ మోకాళ్ల మీద వంగి, చెంప పట్టాకు ఆనించినంత దగ్గరగా పెట్టి, ఒక కన్ను మూసి దూరంగా చూస్తాడు. తళతళలాడే గీత మీద ఒకచోట చిన్న గుంట కనిపిస్తుంది. పట్టాల కింద అడ్డంగా ఉండే దిమ్మె, అంటే స్లీపర్, చుట్టూ కంకర తెల్లబడి ఉంటే, కింద ఖాళీ ఏర్పడి రాళ్లు ఒరుసుకుంటున్నాయని అర్థం. గద్వాల వైపు నల్లరేగడిలో వానాకాలం బురద పైకి చిమ్ముతుంది కూడా.

నేను చేరినప్పుడు మాది మీటర్ గేజ్, అంటే రెండు పట్టాల మధ్య ఎడం మీటరే. 1990లలో అంతకన్నా వెడల్పైన బ్రాడ్ గేజ్ అయింది. అప్పట్లో జాకీతో పట్టా లేపి, ఇద్దరు ఎదురెదురుగా నిలబడి బీటర్లనే ఇనుప పనిముట్లతో స్లీపర్ కిందికి కంకర కొట్టేవాళ్లం. ఇద్దరి దెబ్బా ఒకే తీరుగా పడాలి, లేకుంటే స్లీపర్ ఒకపక్క కూర్చుంటుంది. ఇప్పుడు ఇక్కడ ఆ పని ఎక్కువగా మెషిన్లు చేస్తున్నాయి. మేనల్లుడు ఫోన్‌లో చూపించిన వీడియోలో వాళ్లు చెక్క స్లీపర్ కింద అచ్చం మాలాగే కొడుతున్నారు. చూస్తుంటే నా భుజాలు గుర్తు చేసుకున్నాయి.

అపోహ: ఏ రాయి పోసినా కంకరే.

కృష్ణ ఒడ్డున దొరికే నున్నటి గుండ్రాళ్లు ఎంత గట్టివైనా పనికిరావు, జారిపోతాయి. కొట్టిన రాయికి కోణాలుంటాయి, ఒకదాన్నొకటి పట్టుకుంటాయి, నీళ్లను కిందికి వదిలేస్తాయి. అందుకే కంకరలో మట్టి చేరితే జల్లెడ పట్టాల్సిందే.

అపోహ: పట్టాల మధ్య సందు లేకపోతే ఎండకు వంకర్లు పోతాయి.

బడిలో మనందరికీ చెప్పిన పాఠమే ఇది, పాత రకం అతుకుల పట్టాలకు నిజమే. ఇప్పుడు పట్టాలను కిలోమీటర్ల కొద్దీ వెల్డింగ్ చేస్తున్నారు. కిలోమీటరు పట్టాను స్వేచ్ఛగా వదిలేస్తే, 40 డిగ్రీలు వేడెక్కినప్పుడు దాదాపు 46 సెంటీమీటర్లు సాగుతుంది. దాన్ని సాగనివ్వకుండా పట్టుకునేది పట్టాను స్లీపర్‌కు బిగించే క్లిప్పులు, కాంక్రీటు స్లీపర్లు, వాటి చివర్ల దాకా పోసిన కంకర. పాలమూరు ఎండల్లో ఆ కంకరను కదిలించడమంటే ప్రమాదాన్ని పిలవడమే. అతుకులున్న చోట రెండు పట్టాలను కలిపే ఇనుప పలకలు, అంటే ఫిష్ ప్లేట్లు, విప్పి గ్రీజు పెట్టే పనిని చలికాలంలో చేసేది అందుకే.

అయితే చలికి ఇంకో బాధ ఉంది. పట్టా ముడుచుకుంటుంది, బలహీనంగా ఉన్నచోట విరుగుతుంది. ఒక డిసెంబరు తెల్లవారుజామున గస్తీలో టార్చి వెలుగులో వేలు పట్టేంత సందు కనిపించింది. విరిగిన ముఖం చక్కెర పలుకుల్లా మెరుస్తోంది. చలి మరిచిపోయి రైలు వచ్చే వైపు పరుగెత్తాను. 600 మీటర్ల దగ్గర పట్టా మీద ఒక డిటోనేటర్ (చక్రం కింద పేలి డ్రైవర్‌ను హెచ్చరించేది), 1200 దగ్గర పది మీటర్ల ఎడంతో మూడు. ఆ తర్వాత ఎర్ర లైటు పట్టుకుని నిలబడ్డాను. రైలు ఆగింది. ఆ రోజు ఎవరికీ ఏమీ కాలేదు.

అపోహ: వాలంటీర్లంటే సరదాకు వచ్చి పోయేవాళ్లు.

వేల్స్‌లోని టాలిలిన్ రైల్వేను 1951 నుంచి వాలంటీర్లే నిలబెట్టారు. ప్రపంచంలో అలా బతికిన మొదటి రైలు మార్గం అదే. మా వాడు చేరగానే వాడి చేతికి గడ్డపార ఇవ్వలేదు. ముందు భద్రత శిక్షణ, పరీక్ష. రైలు వస్తోందని చెప్పడానికే ఒక మనిషిని నిలబెడతారు, వాడు ఇంకే పనీ ముట్టకూడదు. మా గ్యాంగ్‌లోనూ అదే కట్టుబాటు.

మన దేశంలో పద్ధతి వేరు. యునెస్కో గుర్తింపు ఉన్న డార్జిలింగ్, నీలగిరి, కాల్కా–సిమ్లా మార్గాలను కూడా రైల్వే ఉద్యోగులే చూసుకుంటారు. ఇక్కడ ఎంత ప్రేమ ఉన్నా పట్టాల మీదికి సొంతంగా దిగకండి, 1989 రైల్వే చట్టం 147వ సెక్షన్ ప్రకారం అది నేరం. ఊడిన క్లిప్పును మంచి మనసుతో రాయి పెట్టి కొట్టే కుర్రాళ్లను చూశాను. అది సరిగా పడకపోతే పైకి బిగినట్టే కనిపిస్తుంది, కీమ్యాన్ కన్ను కూడా మోసపోవచ్చు.

మీకు ఏదైనా తేడా కనిపిస్తే దగ్గర్లోని గేట్‌మన్‌కో స్టేషన్ మాస్టర్‌కో చెప్పండి, లేదా 139కి ఫోన్ చేయండి. "ఫలానా ఊరి దగ్గర" అంటే వెతకడానికే గంట పడుతుంది. దూరం నుంచే పట్టాల పక్కన రైలు కరెంటు తీగలు మోసే స్తంభం మీది నంబరు చూసి చెప్పండి. అందులో ఒకటి కిలోమీటరు, రెండోది ఆ కిలోమీటరులో ఎన్నో స్తంభమో చెప్తుంది. ఆ రెండు అంకెలు చాలు, గ్యాంగ్ సూటిగా అక్కడికే వస్తుంది.