గోరింట కంచె కింద పాత గెట్టు

పక్కపక్క ఇళ్లవాళ్లు గోరింట కంచె దగ్గర మాటామాటా అనుకుంటే తగాదా మొక్క గురించే అనుకుంటాం. హైదరాబాద్ శివారు కాలనీల్లో చాలాసార్లు ఆ తగాదా మొక్క కంటే పాతది.

ఉప్పల్, మియాపూర్ వైపు ఇవాళ ఇళ్లున్న చోట ఒకప్పుడు పొలాలు. పొలానికీ పొలానికీ నడుమ గెట్టు, అంటే హద్దు గట్టు, ఉండేది. గెట్టుకు వెడల్పు ఉంటుంది. దాని మీద ఇద్దరూ నడిచేవారు, గడ్డి ఇద్దరూ కోసుకునేవారు. దున్నేటప్పుడు నాగలి జానెడు లోపలికి జరిగితే పంచాయితీ, పెద్దమనుషులొచ్చి హద్దురాయి చూసి చెప్పేవారు. లెక్క గుంటల్లో నడిచేది: గుంటంటే 33 అడుగుల చదరం, అంటే 121 గజాలు.

ఆ పొలాలు ప్లాట్లయ్యాయి. 1975లో హైదరాబాద్ పట్టణాభివృద్ధి సంస్థ హుడా వచ్చినా, శివారు ఊళ్లలో ఎన్నో లేఅవుట్లు పంచాయతీ కాగితాల మీదే అమ్ముడుపోయాయి. మూలల్లో పాతిన రాళ్లు చాలావరకు ఇళ్లు లేచేలోపే మాయం. 2007లో 12 మున్సిపాలిటీలు, 8 పంచాయతీలు కలిసి జీహెచ్ఎంసీలో చేరేనాటికి హద్దంటే దస్తావేజులో ఒక గీత. గీతకు వెడల్పు లేదు. అసలు చిక్కు ఇక్కడే మొదలైందని నా నమ్మకం.

గోడ కట్టే డబ్బు చేతిలో లేనివాళ్లు ఆ గీత మీద గోరింట నాటారు. ఎవరు నాటారో, ఎవరి వైపు నాటారో రాసుకోలేదు. కంచె రెండడుగులు లావెక్కింది. 60 అడుగుల పొడవుకు అది 13 గజాల పైమాటే. గజం లక్ష పలికే చోట 13 లక్షలు! స్నేహం నిలవడం కష్టమే.

పన్నెండేళ్ల భయం ఒకటి. 1963 లిమిటేషన్ చట్టం ప్రకారం, హక్కుకు ఎదురుగా సాగుతున్న స్వాధీనంపై 12 ఏళ్లలోపు దావా వేయాలి; లేదంటే ఆ చోటుపై హక్కు స్వాధీనంలో ఉన్నవారికే పోతుంది. పొరుగువారి అనుమతితో ఉన్న కంచెకు మాత్రం ఎన్నేళ్లయినా ఆ హక్కు పుట్టదు. అందుకే 'మీ అనుమతితోనే నాటాం' అని ఒక్క ముక్క రాసి ఇద్దరూ సంతకాలు పెట్టుకోవడం ఎంతో మేలు. కోర్టుకెక్కితే కోర్టు నియమించిన లాయరు, అంటే అడ్వకేట్ కమిషనర్, సర్వేయర్‌ను వెంటబెట్టుకొని వచ్చి కొలుస్తారు. లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే అది డిక్రీతో సమానం, అప్పీలు ఉండదు, కట్టిన కోర్టు ఫీజూ తిరిగొస్తుంది.

కొలత ఆ రెండిళ్ల మధ్యే పెడితే తేలదు. వరుసలో మొదటి ఇల్లు అరడుగు జరిగి కడితే, తర్వాతివాళ్లంతా దాన్నే హద్దనుకొని జరుగుతూ పోతారు. చివరి ప్లాటులో తక్కువ పడుతుంది. టేపు వీధి మొదటి రాయి దగ్గర పట్టాలి.