పాకం తప్పనివ్వని మూడు ప్రోటీన్లు

మా అక్కకి తిరుపతిలో ఐవీఎఫ్ చేయించినప్పుడు, పిండాన్ని గర్భంలో పెట్టే రోజు పొద్దున అక్కడి ఎంబ్రియాలజిస్టు మేడమ్ మమ్మల్ని పిలిచి మానిటర్ చూపించింది. అయిదు రోజుల పిండం. నీటిబుడగలా గుండ్రంగా ఉంది, చుట్టూ పలచటి కణాల పొర, లోపల ఒక పక్కన గోడకి అంటుకుని చిన్న ముద్ద. "చుట్టూ ఉన్నది మాయ అవుతుందమ్మా, బిడ్డ అయ్యేది ఈ ముద్దే" అని వేలు పెట్టి చూపించింది. అక్క కళ్ళు తుడుచుకుంటోంది, బావ ఫోన్లో ఫొటో తీసుకుంటున్నాడు, నేను ఆ ముద్దనే చూస్తూ ఉండిపోయాను.

ఎందుకంటే ఆ కణాల్లో ఏదీ ఇంకా గుండె కాదు, మెదడు కాదు, ఎముక కాదు. కానీ వాటిలో ఏదైనా కాగలదు. ఈ శక్తినే ప్లూరిపొటెన్సీ అంటారు. 1981లో మార్టిన్ ఎవాన్స్, మాథ్యూ కాఫ్‌మన్ కలిసి ఎలుక పిండం నుంచి ఇలాంటి కణాలు తీసి ల్యాబులో పెంచారు, అదే ఏడాది గెయిల్ మార్టిన్ విడిగా ఆ పనే చేసింది. 1998లో జేమ్స్ థామ్సన్ మనిషి పిండాలతో సాధించాడు, అవి ఐవీఎఫ్ కోసం తయారై దంపతులు దానం చేసినవే. పిండంలో కొద్ది రోజులే ఉండే ఆ స్థితి, ల్యాబులో ఏళ్ళ తరబడి నిలబడింది. వీటినే పిండ మూలకణాలు అంటున్నాం.

ఇంకా ఏమీ కాని కణం అంటే ఖాళీ పలక లాంటిదని, ఎవరో వచ్చి రాసేదాకా ఊరికే పడి ఉంటుందని నేను చాలాకాలం అనుకున్నాను. నిజానికి ఏమీ కాకుండా ఉండడానికే ఆ కణం క్షణం తీరిక లేకుండా పనిచేస్తూ ఉండాలి, ఆ పని ఆగిన మరుక్షణం నుంచి అది ఏదో ఒక దారిలో జారిపోవడం మొదలుపెడుతుంది.

ఆ పని చేసేవి ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్లు, అంటే జన్యువుల్ని తెరిచే, మూసే ప్రోటీన్లు. మన కణాలన్నిటిలో దాదాపు ఒకే డీఎన్ఏ, ఓ 20 వేల జన్యువులు, వాటిలో ఏవి తెరవాలి, ఏవి మూయాలి అన్నదే తేడా. ఈ ప్రోటీన్లు డీఎన్ఏ మీద తమకు సరిపడే అక్షరాలు వెతుక్కుని అక్కడ కూర్చుంటాయి. మూలకణాల్లో ముఖ్యమైనవి మూడు: ఆక్ట్4, సాక్స్2, నానోగ్. ఆక్ట్4 వెతికేది ఎనిమిది అక్షరాల వరస, పేరులోని ఆక్ట్ ఆ ఎనిమిదే. చాలాచోట్ల దాని పక్కనే సాక్స్2 ఆనుకుని కూర్చుంటుంది.

వీటిలో ఆక్ట్4 మోతాదు సంగతి వింటే నాకు మా అవ్వవాళ్ళ ఊరు గుర్తొస్తుంది. చిత్తూరు దగ్గర, చెరకు తోటల మధ్య బెల్లం గానుగ. పెద్ద పెనంలో రసం ఉడుకుతుంటే మా మామ గరిటెతో కాస్త తీసి చెంబులో నీళ్ళల్లో వేసేవాడు, దాన్ని వేళ్ళ మధ్య ఉండ చేసి చూసి, "ఇంకొంచెం", "చాల్లే, దించండి" అనేవాడు. ముందుగా దించితే అచ్చులో గట్టిపడదు, ఆలస్యమైతే మాడి నల్లబడుతుంది. 2000లో జపాన్ శాస్త్రవేత్త హితోషి నివా బృందం ఎలుక మూలకణాల్లో చూసింది అచ్చం ఇలాంటిదే. ఆక్ట్4 తగ్గిపోతే కణాలు మాయ వైపు కణాలైపోయాయి. ఎక్కువైతే, అదీ రెండింతలు కూడా కానక్కర్లేదు, వేరే దారి పట్టాయి. మామూలు మోతాదులో ఉన్నప్పుడే మూలకణాలుగా నిలిచాయి.

మరి కణం లోపల చెంబు పట్టుకుని చూసేవాళ్ళు ఎవరు? ఆ మూడు ప్రోటీన్లే. ఒక్కోటీ తన జన్యువు మీదా కూర్చుంటుంది, మిగతా రెండిటి జన్యువుల మీదా కూర్చుంటుంది, అంటే ఒకదాన్ని ఒకటి పట్టుకుని నిలబెట్టుకుంటాయి. 2005లో అమెరికాలో రిచర్డ్ యంగ్ బృందం మనిషి మూలకణాల్లో వెతికితే ఈ మూడూ కలిసి కూర్చున్న జన్యువులు కనీసం 353 దొరికాయి. కొన్ని మూలకణానికి కావాల్సినవి, తెరిచి ఉన్నాయి. మిగతావి మెదడు, గుండె, కండరం తయారీ మొదలుపెట్టించేవి, మూసి ఉన్నాయి. ఈ మూసినవాటిలో చాలావాటికి తలుపు దగ్గరగా వేసి గొళ్ళెం పెట్టారు గానీ తాళం వేయలేదు, పిలుపు వస్తే వెంటనే తెరుచుకుంటాయి.

నన్ను బాగా కదిలించింది ఇంకొకటి. ఆక్ట్4, సాక్స్2 అన్ని దారులకూ సమానంగా అడ్డం నిలబడవు. సాక్స్2 కణాన్ని నాడీ కణాల వైపు లాగుతుంది, ఆక్ట్4 అటు వెళ్ళనివ్వదు. ఆక్ట్4 కండరం, రక్తం, పేగు ఏర్పడే పొరల వైపు లాగుతుంది, దాన్ని సాక్స్2 ఆపుతుంది. తాడు రెండు వైపులా బిగుతుగా లాగి పట్టుకున్నందువల్లే మధ్య ముడి కదలకుండా ఉంది.

నానోగ్ తీరు కొంచెం వేరు. 2003లో దీన్ని కనుక్కున్నవాళ్ళు, ఐరిష్ కథల్లో ఎవరికీ ముసలితనం రాని లోకం పేరు మీద దీనికి పేరు పెట్టారు. కానీ ఇది ఒక్కో కణంలో ఎక్కువా తక్కువా అవుతూనే ఉంటుంది, తక్కువైన వేళ కణం దారి మళ్ళడానికి సిద్ధంగా ఉంటుంది. పూర్తిగా తీసేసినా ఎలుక మూలకణాలు బతుకుతాయి, పట్టు మాత్రం సడలుతుంది.

2006లో షిన్యా యమనక, కజుతోషి తకహాషి ఎలుక చర్మకణాల్లోకి ఆక్ట్4, సాక్స్2, వాటితో పాటు కెఎల్ఎఫ్4, సి-మిక్ అనే మరో రెండు ప్రోటీన్ల జన్యువులు పంపించి వాటిని వెనక్కి, మూలకణాల్లాంటి స్థితికి తెచ్చారు. 2012లో యమనకకి నోబెల్ వచ్చింది. మూసేసిన జన్యువులు కూడా తెరుచుకున్నాయంటే, ఈ ప్రోటీన్ల పట్టు ఎంతటిదో చూడండి.

అక్క కూతురికి ఇప్పుడు మూడేళ్ళు. బావ తీసిన ఫొటోలోని ముద్ద గర్భంలో కుదురుకున్నాక ఆక్ట్4 కణం తర్వాత కణంలో ఆరిపోతూ వచ్చి ఉంటుంది, లేకపోతే గుండె గుండె కాలేదు, కన్ను కన్ను కాలేదు. ఆ పిండంలో ఒక్క చిన్న గుంపు మాత్రం ఇంకొన్నాళ్ళు దాన్ని ఆరనివ్వలేదు: ముందు ముందు అండాలు కాబోయే కణాలు.