చెట్టు కథ, షరతు కాగితం

జూన్ 5 దగ్గరపడితే విశాఖలో కంపెనీల పచ్చ కథల మీద వాదన మళ్లీ లేస్తుంది. పర్యావరణ దినోత్సవానికి కంపెనీల వెబ్‌సైట్లలో కొత్త కథలు వస్తాయి. మొక్క పట్టుకున్న బడిపిల్లలు, చెరువు నిండిందని మురిసిపోయే రైతు, నర్సరీ నడిపే మహిళా సంఘం. జ్ఞానాపురం, పాతనగరం వైపు ఉండేవాళ్లు అడిగేది ఒకటే: పరిశ్రమల వల్ల మేడ మీద ఆరేసిన బట్టలపై పడే నల్లటి ధూళి ఈ కథల్లో ఎందుకు కనపడదు?

పెద్ద కంపెనీలు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యతకు (సీఎస్ఆర్) ఖర్చు పెట్టాలన్న 2013 కంపెనీల చట్టం గురించి అందరికీ తెలుసు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను కూల్చిన చెట్ల గురించి విశాఖవాసులకు చెప్పనక్కర్లేదు. ఇవాళ్టి తగాదా అర్థం కావాలంటే చూడాల్సిన తేదీ 2021 జనవరి 22.

ఆ రోజు కేంద్రం సీఎస్ఆర్ నిబంధనలను సవరించింది. కంపెనీ బోర్డు ఆమోదించిన ప్రాజెక్టులను వెబ్‌సైట్‌లో తప్పనిసరిగా పెట్టాలంది. దాంతోపాటు, వేరే చట్టం కింద ఎలాగూ చేసి తీరాల్సిన పనిని సీఎస్ఆర్‌గా లెక్కించకూడదంది. నా దృష్టిలో అసలు మలుపు ఈ రెండోదే. పరిశ్రమకు పర్యావరణ అనుమతి ఇచ్చేటప్పుడు స్థలంలో నిర్ణీత శాతం మేర గ్రీన్‌బెల్ట్, అంటే చెట్ల పట్టీ, పెంచాలని షరతు పెట్టడం మామూలు. అది సేవ కాదు, బాకీ. లెక్కల్లో ఈ రెండింటి మధ్య 2021లో గీత పడింది. కథలో మాత్రం పడలేదు. షరతు కొద్దీ ప్రహరీ పక్కన పెంచిన వేపచెట్టు, ఇష్టంతో ఊరి బడిలో నాటిన వేపచెట్టు ఫొటోలో ఒకేలా ఉంటాయి. ఏది ఏదో చెప్పాల్సింది రాసినవాళ్లే.

షరతులు ఎంతవరకు పాటించారో చెప్పే నివేదికలు వేరే ఉన్నాయి. 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ప్రకారం ఏటా జూన్ 1న, డిసెంబరు 1న వాటిని ఇవ్వాలి. అవి బహిరంగ పత్రాలు, ఎవరైనా చూడొచ్చు. అంటే నివేదిక గడువుకూ పర్యావరణ దినోత్సవానికీ మధ్య నాలుగు రోజులే తేడా. కథ ముందు పేజీలో పలకరిస్తుంది. నివేదికను వెతుక్కోవాలి.

ఆ కాగితాల విలువ ఏమిటో మన ఊరికి తెలుసు. చేస్తున్న ఉత్పత్తి పరిమాణానికి తగిన చెల్లుబాటయ్యే పర్యావరణ అనుమతి తమకు లేదని ఎల్జీ పాలిమర్స్ ప్లాస్టిక్ కర్మాగారం 2019 మేలోనే అఫిడవిట్‌లో రాసిచ్చింది. మరుసటి ఏడాది మే 7 తెల్లవారుజామున పక్కనున్న ఆర్.ఆర్.వెంకటాపురం మీదికి ఆ కర్మాగారం నుంచి స్టైరీన్ అనే విష రసాయనపు ఆవిరి వచ్చింది. 12 మంది చనిపోయారు. ఊరికి తెలియాల్సిన ఆ ఒక్క వాక్యం ఏడాది పాటు ఫైల్లోనే ఉండిపోయింది.

పట్టికలు ఎవరూ చదవరు, మనిషి కథ చెబితేనే జనం పట్టించుకుంటారు అని కంపెనీల ప్రచార విభాగాల వాళ్లు అంటారు. అందులో నిజం ఉంది. సముద్రతీరంలో తాబేలు గుడ్లు కాపాడే జాలరి మాట్లాడితే పిల్లలు ఆగి వింటారు. కానీ కథ బాగుందని అంకె దాచనక్కర్లేదు కదా.

పర్యావరణం పేరుతో చేసే తప్పుదోవ పట్టించే ప్రచారాన్ని అదుపు చేయడానికి కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2024 అక్టోబరులో మార్గదర్శకాలు తెచ్చింది. 'ఎకో ఫ్రెండ్లీ' లాంటి మాట వాడితే ఆధారం చూపాలి. అయితే అవి వస్తువులు, సేవల గురించి చేసే ప్రకటనలకే. ఏ సరుకు పేరూ ఎత్తకుండా చెప్పిన మొక్కల కథ దాదాపుగా వాటి చేతికి చిక్కదు.

అందుకే స్థానికుల డిమాండు న్యాయంగా తోస్తుంది. ప్రతి కథ కింద, ఈ పని షరతు ప్రకారం చేశామా, సొంతంగా చేశామా అన్నది రాయాలి. పక్కనే తాజా నివేదిక లింకు పెట్టాలి. కొత్త ప్రాజెక్టుపై ప్రజాభిప్రాయ సేకరణకు ముందు పర్యావరణ నివేదిక సారాంశాన్ని తెలుగులో ఇస్తున్నారు. ఆర్నెల్లకోసారి వచ్చే షరతుల నివేదికల్లోని ధూళి లెక్కలను కూడా అలాగే తెలుగులో ఇవ్వాలి.