ఒక గది, ఒక జీతం: క్యాంపస్‌లో క్వీర్ విద్యార్థుల కేంద్రాల వెనక కథ

1970లో అమెరికాలోని మిషిగన్ యూనివర్సిటీలో గే విద్యార్థులు అడిగింది ఒక మీటింగ్ హాలు. రాష్ట్రంలో తమలాంటి వాళ్లందరినీ పిలిచి సదస్సు పెట్టుకుంటాం, చోటివ్వండి అన్నారు. అప్పటి ప్రెసిడెంట్ రాబెన్ ఫ్లెమింగ్ కుదరదన్నారు. వియత్నాం యుద్ధం మీద దేశంలోనే మొదటి టీచ్-ఇన్, అంటే క్యాంపస్‌లో పెట్టుకునే నిరసన చర్చాసభ, 1965లో జరిగింది ఆ క్యాంపస్‌లోనే. 1970 వసంతంలో నల్లజాతి విద్యార్థులు సమ్మె చేసి తరగతులు ఆపించిందీ అక్కడే. అలాంటి చోట హాలు ఇచ్చేది లేదంటే పిల్లలు ఊరుకుంటారా? ఊరుకోలేదు. గే హక్కుల కోసం పోరాడే గే లిబరేషన్ ఫ్రంట్, దాంతో పాటు లెస్బియన్ మహిళల బృందం, అధికారుల వెంటపడ్డాయి. 1971లో హాలు సంగతి దాటిపోయి అసలు ఒక ఆఫీసే వచ్చింది. అమెరికాలో ఒక యూనివర్సిటీ గే, లెస్బియన్ విద్యార్థుల కోసం జీతాలిచ్చి ఆఫీసు నడపడం అదే మొదలు.

ఆ ఆఫీసుకు పెట్టిన పేరు హ్యూమన్ సెక్సువాలిటీ ఆఫీస్. గే, లెస్బియన్ అనే మాటలు తలుపు మీద కనిపించడం పైవాళ్లకు ఇష్టం లేదు. అందుకని ఎవరికీ ఏమీ తెలియని పేరు ఒకటి తగిలించారు. ఇద్దరిని పెట్టారు: మగవాళ్ల తరఫున జిమ్ టోయ్, ఆడవాళ్ల తరఫున సిండీ గేర్. ఒక్కొక్కరికీ పావు ఉద్యోగం. ఇద్దరివీ కలిపినా సగం ఉద్యోగం, అంతే. ఆ రోజుల్లో అమెరికా సైకియాట్రిస్టుల సంఘం లెక్క ప్రకారం స్వలింగ ప్రేమ ఇంకా ఒక మానసిక జబ్బు. ఆ జాబితాలోంచి దాన్ని తీసేసింది 1973 డిసెంబరులో. అంటే, డాక్టర్లు జబ్బు అంటున్న దాన్ని యూనివర్సిటీ ఉద్యోగి ఒకరు తన బల్ల ముందు కూర్చున్న కుర్రాడితో "నీకే జబ్బూ లేదు" అని చెప్పే ఏర్పాటు రెండేళ్ల ముందే అయిపోయింది. ఆ పావు ఉద్యోగాలను చిన్నచూపు చూడలేను.

జిమ్ టోయ్ గురించి కొంచెం ఆగి చెప్పుకోవాలి. తండ్రి చైనా మూలాలవాడు, తల్లి తెల్లామె. ఒహాయో రాష్ట్రంలో చిన్న ఊళ్లో పెరిగారు. చర్చిలో సంగీతం ఆయన వృత్తి. 1970 ఏప్రిల్ 15న డెట్రాయిట్‌లో యుద్ధ వ్యతిరేక సభ జరుగుతోంది. వేదిక ఎక్కి తన పేరు చెప్పి, వయసు నలభై అని చెప్పి, తాను గే అని చెప్పారు. మిషిగన్ రాష్ట్రంలో నలుగురి ముందు బాహాటంగా ఆ మాట అన్న మొదటి మనిషిగా ఆయన్ని చెప్పుకుంటారు. పేరు, వయసు, ఆ తర్వాత ఈ మాట. ముసుగు లేదు, మారుపేరు లేదు. ఆ రోజుల్లో ఈ ఉద్యమంలో ఉన్నవాళ్లలో చాలామంది మారుపేర్లతో తిరిగేవాళ్లు. 1967లో కొలంబియా యూనివర్సిటీలో దేశంలోనే మొదటి గే విద్యార్థి సంఘం పెట్టిన కుర్రాడు కూడా స్టీఫెన్ డోనాల్డ్‌సన్ అన్న మారుపేరుతోనే తెలుసు లోకానికి.

పేరంటే అంత భయం ఎందుకో తెలియాలంటే ఇంకా వెనక్కి వెళ్లాలి. 1920లో హార్వర్డ్‌లో ఒక విద్యార్థి ఆత్మహత్య చేసుకున్నాడు. అతనికి గే స్నేహితులు రాసిన ఉత్తరాలు అన్నయ్య కంటపడ్డాయి. స్నేహితుల పేర్లు బయటికొచ్చాయి. ప్రెసిడెంట్ లోవెల్ అనుమతితో అయిదుగురు అధికారులు తలుపులు మూసుకుని విచారణ జరిపారు. ఒక్కొక్కరినీ పిలిచి అడిగారు: ఎవరెవరితో తిరిగావు, ఎవరి గదికి వెళ్లావు. కుర్రాళ్లను కాలేజీలోంచే కాదు, ఊళ్లోంచే వెళ్లగొట్టారు. ఆ ఫైళ్లు 80 ఏళ్లు పెట్టెల్లో పడి ఉండి, 2002లో హార్వర్డ్ విద్యార్థుల పత్రిక క్రిమ్సన్ తవ్వి తీస్తే బయటపడ్డాయి. యూనివర్సిటీ ఇలాంటి విద్యార్థి పేరు రాసుకుందంటే అప్పట్లో దానికి ఒకటే అర్థం, గెంటడానికి.

మన హైదరాబాదు సంగతి వేరేగా ఏమీ లేదు. నిజాం కాలపు 1329 ఫస్లీ చట్టం హిజ్రాల పేర్లు, చిరునామాలు రిజిస్టరులో ఎక్కించమనేది. ఆడవాళ్ల బట్టల్లో వీధిలో కనిపిస్తే వారెంటు లేకుండా పట్టుకోవచ్చనేది. 1919 నాటి ఆ చట్టం రాజ్యాంగ విరుద్ధమని తెలంగాణ హైకోర్టు కొట్టేసింది 2023 జులైలో.

ఇక అసలు విషయం. కొలంబియాలో 1967లో వచ్చింది విద్యార్థి సంఘం. మిషిగన్‌లో 1971లో వచ్చింది ఆఫీసు. బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. కావు. సంఘాన్ని నడిపేవాడికీ పరీక్షలుంటాయి. అర్ధరాత్రి ఫోన్ చేసి ఏడ్చే జూనియర్‌ని ఊరుకోబెట్టి, పొద్దున్నే ల్యాబ్‌కి పరిగెత్తుతాడు. నాలుగేళ్లయ్యాక డిగ్రీ పట్టా తీసుకుని వెళ్లిపోతాడు. వాడితోపాటు వాడు నేర్చుకున్నదంతా వెళ్లిపోతుంది. తర్వాత వచ్చేవాడు ఓనమాలు మళ్లీ దిద్దుకోవాలి. అధికారులకు ఇది బాగా తెలుసు. ఒక వేసవి సెలవులు గడిపేస్తే చాలు, అడిగేవాడుండడు. జీతం తీసుకునే మనిషి అలా కాదు. వేసవి తర్వాత కూడా ఉంటాడు. జిమ్ టోయ్ 1971లో కూర్చున్నారు, 1994 వరకూ కదల్లేదు.

కదలకపోవడం ఎందుకు పనికొచ్చిందో ఒక్క ఉదాహరణ. వివక్ష చూపకూడదని చెప్పే యూనివర్సిటీ నిబంధన ఒకటుంది. అందులో జాతి, మతం ఉన్నాయి, లైంగికత లేదు. చేర్చమని 1970ల మొదట్లోనే అడగడం మొదలుపెట్టారు. చేర్చింది 1993లో. జెండర్ గుర్తింపు అన్న మాట చేరడానికి ఇంకో 14 ఏళ్లు పట్టి 2007 అయింది. ఒక వాక్యంలో రెండు మాటల కోసం ముప్పై అయిదేళ్లు. ఏ విద్యార్థి ముప్పై అయిదేళ్లు చదువుతాడు? ఈలోగా యూనివర్సిటీ ఉన్న ఆన్ ఆర్బర్ ఊరు క్యాంపస్ కంటే ముందే కదిలింది. 1972లోనే నగర కౌన్సిల్ గే, లెస్బియన్ మనుషులు తలెత్తుకుని పండగ చేసుకునే ప్రైడ్ వారం ప్రకటించింది, ఆ ప్రకటన రాసినవాళ్లలో టోయ్ ఒకరు. 1974లో అదే యూనివర్సిటీ విద్యార్థిని క్యాథీ కొజచెంకో లెస్బియన్‌నని చెప్పుకునే పోటీ చేసి కౌన్సిల్‌కు గెలిచింది. ఆఫీసు పేరు కూడా మెల్లగా మారుతూ వచ్చింది. ముందు లెస్బియన్, గే మాటలు తలుపు మీదికొచ్చాయి, తర్వాత మిగతా అక్షరాలు. ఇప్పటి పేరు స్పెక్ట్రమ్ సెంటర్. టోయ్ 2022 జనవరి 1న, 91 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

మిగతా యూనివర్సిటీలు వెంటనే అందుకోలేదు. పెన్సిల్వేనియా యూనివర్సిటీలో కేంద్రం 1982లో, మసాచుసెట్స్ యూనివర్సిటీ ఆమ్హర్స్ట్ క్యాంపస్‌లో 1985లో వచ్చాయి. రెండు చోట్లా ముందు వేధింపులు జరిగాయి, ఆ తర్వాతే ఆఫీసు వచ్చింది. ఎవరికో దెబ్బ తగిలితే తప్ప ఫైలు కదలకపోవడం ఈ చరిత్ర పొడవునా కనిపిస్తుంది, నాకు అన్నిటికంటే బాధ కలిగించేది అదే. 1990లలో వేగం పెరిగింది. ఈ కేంద్రాల్లో పనిచేసేవాళ్లు 1997లో తమకంటూ ఒక జాతీయ సంఘం పెట్టుకున్నారు.

ఇప్పుడు గాలి ఎదురు తిరిగింది. టెక్సస్‌లో ప్రభుత్వ యూనివర్సిటీలు డైవర్సిటీ (అన్ని వర్గాలకూ చోటు కల్పించే) కార్యాలయాలు నడపకూడదనే ఎస్‌బీ 17 అనే చట్టం 2024 జనవరి 1న అమల్లోకి వచ్చింది. హ్యూస్టన్ యూనివర్సిటీ అంతకుముందే తన ఎల్జీబీటీక్యూ (లెస్బియన్, గే, బైసెక్సువల్, ట్రాన్స్‌జెండర్, క్వీర్) కేంద్రాన్ని మూసేసింది. 2024 జులైలో యూటా యూనివర్సిటీ కేంద్రమూ మూతపడింది. 2025 మార్చిలో మిషిగనే తన డైవర్సిటీ కార్యాలయాన్ని ఎత్తేసింది. ఇది అమెరికా గొడవ, మనకెందుకు అనుకోకూడదు. టెక్సస్ ప్రభుత్వ యూనివర్సిటీల్లో మన పిల్లలెంతమంది చదువుతున్నారో ఏ ఊళ్లో అడిగినా చెబుతారు. అక్కడ అపార్ట్‌మెంట్లో నలుగురు రూమ్మేట్లూ మన జిల్లావాళ్లే. వాళ్లలో ఒకడికి తన సంగతి చెబితే, మర్నాటికల్లా వాట్సాప్‌లో అమ్మానాన్నలకు తెలిసిపోతుంది. ఆ పిల్లవాడికి మన భాష రాని, మన ఊరు తెలియని ఒక ఉద్యోగి గదే దిక్కు. మూసేసింది ఆ గదిని.

మన దేశంలో ఈ కథ విద్యార్థుల చేతుల మీదే నడిచింది. ఐఐటీ బాంబేలో 2011లో సాథీ అనే క్వీర్ విద్యార్థుల బృందం మొదలైంది. 2018లో ఐఐటీల్లో చదివిన, చదువుతున్న 20 మంది, స్వలింగ సంబంధాన్ని నేరమన్న సెక్షన్ 377 మీద సుప్రీంకోర్టుకెక్కారు. ఆ పిటిషన్‌లో మొదటి పేరు ఒక తెలుగువాడిది. అదే ఏడాది సెప్టెంబర్ 6న అది ఇక నేరం కాదని తీర్పు వచ్చింది. కాగితాల మీద అంతకుముందే కొంత కదలిక ఉంది: 2014లో సుప్రీంకోర్టు ఇచ్చిన నల్సా తీర్పుతో ట్రాన్స్‌జెండర్ల గుర్తింపు వచ్చింది, 2016లో యూజీసీ ర్యాగింగ్ నిబంధనల్లో లైంగికతను, ట్రాన్స్‌జెండర్ అన్న మాటను చేర్చింది. "వాడు కొంచెం తేడా" అని హాస్టల్లో ఒకణ్ని ఏడిపించడం అప్పటినుంచీ ర్యాగింగే. 2020 ట్రాన్స్‌జెండర్ నియమాలు ప్రతి విద్యాసంస్థలో ఫిర్యాదు చేసుకోవడానికి ఒక కమిటీ ఉండాలన్నాయి. 2021లో మద్రాస్ హైకోర్టు జడ్జి ఆనంద్ వెంకటేశ్ కాలేజీల్లో కౌన్సెలర్లు, అందరూ వాడుకునే టాయిలెట్లు ఉండాలని, సర్టిఫికెట్లలో పేరు, జెండర్ మార్చే వీలుండాలని రాశారు.

హైదరాబాదులో నల్సార్ లా యూనివర్సిటీ ముందడుగు వేసింది. 2015లో ఒక విద్యార్థి తన సర్టిఫికెట్‌లో మిస్ అని కాకుండా, ఆడా మగా అని చెప్పని మిక్స్ (Mx) అని రాయమంటే రాసిచ్చారు. 2022 మార్చిలో ఒక హాస్టల్ కింది అంతస్తును జెండర్‌తో పనిలేని చోటుగా ప్రకటించి, కోరుకున్న ఎల్జీబీటీక్యూ విద్యార్థులకు గదులిచ్చారు. అకడమిక్ బ్లాక్‌లో టాయిలెట్ ఒకటి అందరికీ తెరిచారు. ముంబయిలో టిస్ (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్) 2017లోనే అలాంటి హాస్టల్ పెట్టింది. ఇవి చిన్న పనులు కావు. బాత్రూముకి వెళ్లాల్సొస్తుందని మధ్యాహ్నం మంచినీళ్లు తాగడం మానేసే పిల్లలున్న దేశం ఇది.

అయినా గది వేరు, గదిలో మనిషి వేరు. నేను చదివిన కాలేజీలో కౌన్సెలింగ్ రూమ్ ఉండేది. దాని ముందు పొడుగాటి చెక్క బెంచీ, బెంచీకి ఎదురుగా ఫీజు కౌంటరు. చలానా కట్టడానికి ఎప్పుడూ క్యూ ఉండేది. బెంచీ మీద కూర్చుంటే క్యూలో ఉన్నవాళ్లందరికీ కనిపించాల్సిందే. లోపలికి వెళ్లాలంటే ముందు అటెండరు రిజిస్టరులో పేరు, బ్రాంచి, "కారణం" రాయించుకునేవాడు. నా స్నేహితుడొకడు మూడుసార్లు ఆ బెంచీ దాకా వెళ్లి, ఫీజు కట్టడానికి వచ్చినట్టు క్యూలో నిలబడి, వెనక్కొచ్చాడు. కారణం గళ్లో ఏం రాయాలో తెలియలేదని మాత్రం నాతో అన్నాడు. నాకు అర్థమయ్యేసరికి వాడు చదువు మానేసి వెళ్లిపోయాడు. హార్వర్డ్ ఫైళ్ల గురించి, ఫస్లీ రిజిస్టరు గురించి చదివిన ప్రతిసారీ నాకు ఆ అటెండరు బల్ల మీది నీలం గీతల పుస్తకమే కళ్ల ముందుకొస్తుంది.

ఇవాళ మన యూనివర్సిటీల్లో ఈ కేంద్రం కావాలని అడిగే విద్యార్థులు అర్జీలో మొదట భవనం గురించి రాస్తున్నారు, గోడ మీద రంగుల గురించి రాస్తున్నారు. నన్నడిగితే మొదటి పేజీలో మూడే ఉండాలి. ఈ పని మీదే జీతం తీసుకునే ఒక మనిషి, పర్మనెంట్ పోస్టులో. ఫీజు కౌంటరుకి, వార్డెన్ ఆఫీసుకి దూరంగా, రెండు దారులున్న గది. లోపలికి రావడానికి పేరు రాయక్కర్లేదన్న నియమం, అది కూడా రాతపూర్వకంగా. డబ్బుల్లేవంటే పావు ఉద్యోగంతోనైనా మొదలుపెట్టమనాలి. పావు ఉద్యోగమంటే రోజుకు రెండు గంటలు, ఆన్ ఆర్బర్‌లో జిమ్ టోయ్, సిండీ గేర్ ఒక్కొక్కరికీ ఇచ్చినంత.