బొట్టుబిళ్ళ కింద కన్ను

చిరంజీవులు బుజ్జమ్మకీ, చంటికీ,

నరసన్నపేట నుంచి తాత ఆశీస్సులు. మీ నాన్న లాప్‌టాప్ కెమెరా మీద అమ్మ బొట్టుబిళ్ళ ఒకటి తీసి అంటించాడనీ, ఎందుకని అడిగితే "ఎవరైనా చూస్తారేమో" అన్నాడనీ రాశావు బుజ్జమ్మా. ఆ ఎవరైనాలో గవర్నమెంటు కూడా ఉందా అని అడిగావు. ఉంది. కానీ బొట్టుబిళ్ళ మూసేది ఒక్క కన్నునే. పక్కనే సూది బెజ్జమంత మైకు ఉంటుంది, ఆ చెవి తెరిచే ఉంది. ఇక మీరు రాసేవీ పంపేవీ కన్నుతోనూ చెవితోనూ పని లేకుండానే బయటికి పోతాయి. అది అర్థం కావాలంటే ముందు ఉత్తరం సంగతి తెలియాలి.

మా చిన్నప్పుడు ఈ జిల్లా పల్లెల నుంచి ఖరగ్‌పూర్ రైల్వే పనికి పోయినవాళ్ళు చాలామంది. వాళ్ళ దగ్గర్నుంచి కార్డులు వచ్చేవి. చదువు రాని ఇంట్లో పోస్టుమేనే అరుగు మీద కూర్చుని చదివి వినిపించేవాడు. అందుచేత ఎవరి అప్పు తీరలేదో, ఎవరి పిల్లకి సంబంధం కుదిరిందో ఆయనకు తెలిసేది. గుట్టు కావాలనుకున్నవాళ్ళు ఇన్లాండు లెటరు కొనేవారు. నీలం కాగితం, మడతపెట్టి అంచులు తడిచేసి అంటించాలి. గమ్ము తడి చాలకపోతే అంచు లేచిపోయేది, అందుకని అన్నం మెతుకు ఒకటి వేలితో నలిపి అంచు పొడవునా రాసి, బరువైన పుస్తకం కింద పెట్టేవారు.

కంప్యూటరు కూడా ఇలాగే పంపుతుంది. వెబ్‌సైటు అడ్రసు మొదట్లో హెచ్‌టీటీపీ అని మాత్రమే ఉంటే అది కార్డు, దారిలో ఎవరైనా చదవొచ్చు. చివర ఎస్ కూడా ఉంటే ఇన్లాండు. వాట్సాప్ మెసేజీ అయితే ఇంకా గట్టి మెతుకు, అందుకునేవాళ్ళ ఫోను తప్ప దారిలో ఎవరూ విప్పలేరు.

అయితే విప్పని కవరు కూడా మాట్లాడుతుంది. ఒకే వారంలో వకీలు దగ్గర్నుంచి మూడు కవర్లు వస్తే ఆ ఇంట్లో తగాదా ఉందని పోస్టుమేనుకి ఎవరూ చెప్పక్కర్లేదు. మీరు ఏ వెబ్‌సైటుకి ఎన్ని గంటలకి వెళ్ళారో, ఎవరికి ఎంతసేపు ఫోను చేశారో ఫోను, ఇంటర్నెట్ కంపెనీల దగ్గర లెక్క ఉంటుంది. ఆ లెక్కలు కనీసం 2 ఏళ్ళు దాచాలని 2021 డిసెంబరులో ప్రభుత్వం ఆ కంపెనీల లైసెన్సు షరతు మార్చింది. నా మటుకు లోపలి రాత కన్నా ఈ పైరాతే ఎక్కువ చెబుతుంది. మనిషి మాట దాచుకోగలడు, అలవాటు దాచుకోలేడు.

ఇక విప్పే హక్కు. ఉత్తరాలు ఆపి చూసే అధికారం 1898 నాటి పోస్టాఫీసు చట్టంలోనే ఉండేది. 1986లో ఆ అధికారాన్ని ఇంకా పెంచుతూ పార్లమెంటు బిల్లు పాస్ చేస్తే రాష్ట్రపతి జ్ఞానీ జైల్ సింగ్ సంతకం పెట్టలేదు. కంప్యూటర్లకు వర్తించేది 2000 నాటి ఐటీ చట్టం, 69వ సెక్షను. దాని కింద 2018 డిసెంబరు 20న కేంద్ర హోంశాఖ 10 సంస్థలకు అధికారం ఇచ్చింది. కంప్యూటరు పంపేదే కాదు, అందులో దాచి ఉంచిందీ చూడొచ్చు. ఒక్కో కేసులోనూ హోం సెక్రటరీ ఆర్డరు ఉండాలి. అది 60 రోజులు చెల్లుతుంది, పొడిగిస్తే మొత్తం 180 రోజులు దాటకూడదు. దొంగల్నీ పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్ళనీ పట్టుకోవడానికి ఇలాంటిది కావాలి, కాదనను. నాకు మింగుడుపడనిది ఒకటే. ఆర్డరిచ్చేది ఆఫీసరే, తర్వాత సరిచూసే కమిటీలోనూ ఆఫీసర్లే, మధ్యలో జడ్జి లేడు. నీ ఉత్తరం విప్పామని నీకు ఎప్పటికైనా చెప్పాలన్న నియమమూ లేదు.

అన్నిటికన్నా చెడ్డది, ఉత్తరం రాస్తుండగానే భుజం వెనక నిలబడి చదవడం. గమ్ము ఎంత గట్టిదైతే ఏం లాభం? ఇజ్రాయెల్‌లోని ఎన్ఎస్ఓ గ్రూప్ అనే కంపెనీ తయారుచేసిన పెగాసస్ అలాంటిది, ఫోనులో దూరి నిఘా పెట్టే ప్రోగ్రాము. ప్రభుత్వాలకే అమ్ముతామని ఆ కంపెనీ అంటుంది. 2019లో వాట్సాప్ కాల్‌లో ఉన్న లోపం పట్టుకుని అది సుమారు 1,400 ఫోన్ల మీద పడింది, కాల్ ఎత్తకపోయినా సరే. మన దేశంలోనూ దాన్ని వాడారన్న గొడవ సుప్రీంకోర్టుకెక్కితే 2021 అక్టోబరు 27న కోర్టు నిపుణుల కమిటీ వేసింది. వాళ్ళు 29 ఫోన్లు చూశారు. అయిదింటిలో హాని చేసే ప్రోగ్రాములు దొరికాయి గానీ, అవి పెగాససేనని తేల్చలేకపోయారు. ఇలాంటివి దూరేది పాత లోపాల్లోంచి కూడా. అందుకే అప్‌డేట్ అడిగినప్పుడు "రేపు చూద్దాం" అని నొక్కకండి.

"తప్పు చేయనివాడికి భయమెందుకు" అంటాడేమో చంటి. నూతి దగ్గర స్నానానికి తడిక కట్టుకునేది తప్పు చేయడానికా నాయనా? 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది జడ్జీలు ఒక్క మాటగా గోప్యత ప్రాథమిక హక్కన్నారు.

ఇప్పుడు చేయవలసినవి. కంప్యూటరు పాస్‌వర్డు వాకిటి గొళ్ళెం లాంటిది. వెనక నాలుగు స్క్రూలు విప్పి, డిస్కు తీసి వేరే మిషనుకి తగిలిస్తే గొళ్ళెంతో పనే లేదు, ఫొటోలన్నీ కనిపిస్తాయి. మీది విండోస్ 11 అయితే సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీలోకి వెళ్ళి డివైస్ ఎన్‌క్రిప్షన్ (డిస్కులో ఉన్నవన్నీ తాళం లేనిదే చదవలేని రాతగా మార్చేది) ఆన్‌లో ఉందో లేదో నాన్నని చూడమనండి. దాని రికవరీ తాళం 48 అంకెలు. కాగితం మీద రాసి బీరువాలో పెట్టాలి. మదర్‌బోర్డు మార్చినప్పుడు అదే అడుగుతుంది, అది దొరక్కపోతే మీ ఫొటోలు మీకే దక్కవు. ఆ తాళం కాపీ మైక్రోసాఫ్ట్ అకౌంటులో కూడా ఉంటే, చట్టప్రకారం అడిగినవాళ్ళకి ఆ కంపెనీ ఇవ్వగలదు.

వాట్సాప్‌లో చాలామంది పొరపడేది బ్యాకప్ దగ్గర. మెసేజీ ఇన్లాండే, కానీ గూగుల్ డ్రైవ్‌లో దాచే కాపీకి ఆ గమ్ము దానంతటది ఉండదు. చాట్ బ్యాకప్‌లో ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్టెడ్ బ్యాకప్ అని ఉంటుంది, ఆన్ చేసి పాస్‌వర్డు పెట్టాలి. ఆ పాస్‌వర్డు మరిచిపోతే వాట్సాప్ వాళ్ళూ తీసి ఇవ్వలేరు.

ఈ ఆదివారం అమ్మ ఫోను పట్టుకుని ఎవరికైనా వీడియో కాల్ చేయండి. ఆండ్రాయిడ్ 12 గానీ ఆ తర్వాతది గానీ అయితే పైన కుడి మూలన చిన్న పచ్చచుక్క వెలుగుతుంది, కన్నో చెవో తెరుచుకుందన్నమాట. కాల్ పెట్టేశాక ఆరిందా చూడండి. తర్వాత సెట్టింగ్స్‌లో మైకు అనుమతి ఉన్న యాప్‌ల జాబితా తెరవండి. టార్చిలైటుకి చెవెందుకు అనిపించేవి ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి, పేర్లన్నీ ఒక ఇన్లాండు లెటరు మీద రాసి నాకు పంపండి. అంచుకి మెతుకు రాయడం మరిచిపోకండి.

మీ తాత