కోటల్లో పుట్టని కోటు నాట్యాలు

పిల్లలూ,

టీవీలో జంటలు ఆడే బాల్‌రూమ్ డాన్స్ పోటీ చూసి మీరు నన్ను రెండు ప్రశ్నలు అడిగారు. "ఇవన్నీ రాజుల కోటల్లో పుట్టాయా తాతయ్యా?" అన్నది ఒకటి. "ఇద్దరూ ఒకరినొకరు చూసుకోకుండా తల అటు తిప్పేస్తారెందుకు?" అన్నది రెండోది. ఫోన్లో చెప్పబోతే సగంలోనే మీ ట్యూషన్ టైమ్ అయిపోయింది. అందుకే రాస్తున్నాను.

ఆ నల్లకోట్లు, ఆ గౌన్లు చూస్తే ఎవరైనా కోటలే అనుకుంటారు. కానీ వాల్ట్జ్ సంగతే చూడండి. ఆస్ట్రియా, దక్షిణ జర్మనీ పల్లెల్లో జంటలు గిరగిరా తిరిగే లాండ్లర్ అనే నాట్యం ఉండేది. అలాంటి పల్లె నాట్యాలే పద్దెనిమిదో శతాబ్దం చివరికి వియన్నా నగరంలోకి వచ్చి, నున్నటి చెక్క నేల మీద వేగం పుంజుకున్నాయి. గొప్పింటివాళ్ళు అప్పటిదాకా ఆడిన మిన్యుయెట్‌లో చేతులు మాత్రం అందించుకుని, వంగి దణ్ణం పెట్టి, మళ్ళీ ఎడంగా జరగడమే. అలాంటిది, నడుము మీద చెయ్యి వేసి అందరి ముందూ తిరగడమా! 1816లో లండన్‌లో రాజప్రతినిధి ఇచ్చిన విందులో వాల్ట్జ్ ఆడినందుకు టైమ్స్ పత్రిక అగ్గిమీద గుగ్గిలమైంది. ఇది అసభ్యమైన విదేశీ నాట్యమనీ, ఈ అంటురోగం నుంచి కూతుళ్ళను కాపాడుకోమనీ తల్లిదండ్రులను హెచ్చరించింది. అంటే మీ రీల్స్ చూసి పెద్దవాళ్ళు విసుక్కోవడం కొత్తేమీ కాదు.

తిట్టినంత మాత్రాన ఆగలేదు. అప్పటికే 1814-15లో, నెపోలియన్ ఓడాక యూరప్ సరిహద్దులు తేల్చడానికి వియన్నాలో చేరిన రాజులూ మంత్రులూ పగలు మంతనాలు, రాత్రి నాట్యాలతో గడిపారు. "మహాసభ నాట్యమైతే చేస్తోంది గానీ ముందుకు మాత్రం నడవడం లేదు" అని అక్కడే ఉన్న ప్రిన్స్ ద లీన్ అనే దొర విసిరిన చమత్కారం అప్పటిదే.

వాల్ట్జ్ లెక్క మీకు తెలిసిందే: మన తకిట, తకిట. మూడింటిలో మొదటిదాని మీద బరువు పడుతుంది. వియన్నా వాల్ట్జ్‌లో నిమిషానికి 180 బీట్లు దాకా ఉంటాయి, కొత్తవాళ్ళకి కళ్ళు తిరుగుతాయి. తర్వాత వచ్చిన ఇంగ్లీషు వాల్ట్జ్ అందులో సగం వేగమే. అందుకే అందులో మునివేళ్ళ మీద లేచి మెల్లగా దిగడానికి వ్యవధి దొరుకుతుంది.

టాంగోది ఇంకా కింది నుంచి వచ్చిన కథ. పందొమ్మిదో శతాబ్దం చివర్లో అర్జెంటీనాలోని బ్యూనస్ ఎయిరెస్, పక్కనే ఉరుగ్వేలోని మాంటెవిడియో రేవు పేటల్లో ఇటలీ, స్పెయిన్ నుంచి బతుకుతెరువుకి వచ్చినవాళ్ళూ, ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవాళ్ళ సంతతీ కలిసి పెంచిన నాట్యం అది. ఆ ఊళ్ళ పెద్దమనుషులు ముఖం తిప్పుకున్నారు. 1912-13 నాటికి పారిస్ దానికోసం పిచ్చెత్తిపోయేసరికి, స్వదేశంలోనూ గౌరవం వచ్చింది. జర్మనీ చక్రవర్తి మాత్రం యూనిఫాంలో ఉన్న తన సైనికాధికారులు టాంగో ఆడకూడదని 1913లో ఆజ్ఞ వేశాడు.

ఫాక్స్‌ట్రాట్, జైవ్ అనే నాట్యాల వెనక అమెరికా నల్లజాతివాళ్ళ సంగీతం ఉంది. 1914 ప్రాంతంలో ఫాక్స్‌ట్రాట్‌కి పేరు తెచ్చిన వెర్నన్, ఐరీన్ కాజిల్ దంపతులకి బ్యాండ్ నడిపినవాడు జేమ్స్ రీస్ యూరప్ అనే నల్లజాతి సంగీతకారుడు. పేరు ఎక్కువగా కాజిల్ దంపతులకే దక్కింది, నాకది అన్యాయమనిపిస్తుంది. న్యూయార్క్‌లో నల్లజాతివాళ్ళ పేట అయిన హార్లెమ్‌లోని సవాయ్ బాల్‌రూమ్ అనే నాట్యశాలలో ఊపందుకున్న లిండీ హాప్ లాంటి నాట్యాలను రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా సైనికులు ఇంగ్లండ్‌కి మోసుకెళ్ళారు. మన జైవ్‌కి మూలం అదే. మన దగ్గరా రైల్వే కాలనీల్లో, ఇన్‌స్టిట్యూట్ హాళ్ళలో ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు క్రిస్మస్‌కి వీటిని ఆడేవి.

మరి కొలతలు పెట్టిందెవరు? ఇంగ్లండ్ మాస్టర్లు. 1920లలో ఎవరికి తోచినట్టు వాళ్ళు ఆడుతుంటే తలపట్టుకుని కూర్చుని, ఏ అడుగు ముందు, మడమ ముందా మునివేళ్ళు ముందా, ఎంత మలుపు తిరగాలి అని రాసిపెట్టారు. 1922లో ప్రపంచ చాంపియన్ అయిన విక్టర్ సిల్వెస్టర్ వాళ్ళలో ఒకడు. తర్వాత ఆయన వేగం కాస్త కూడా తప్పని నాట్య సంగీతం రికార్డులు చేయించాడు. ఇంగ్లండ్‌లోనే బ్లాక్‌పూల్ అనే ఊళ్ళో జరిగే పోటీల పండగ, బ్లాక్‌పూల్ డాన్స్ ఫెస్టివల్, 1920లోనే మొదలైంది. వాల్ట్జ్, టాంగో, వియన్నా వాల్ట్జ్, స్లో ఫాక్స్‌ట్రాట్, క్విక్‌స్టెప్ ఒక అయిదు. సాంబా, చాచాచా, రుంబా, పాసో డోబ్లే, జైవ్ లాటిన్ అయిదు. పోటీల్లో మీరు చూసేవి ఈ పదే.

ఈ రూల్స్ వల్ల జపాన్ అమ్మాయీ ఇటలీ అబ్బాయీ మొదటిసారి కలిసినా కలిసి ఆడగలరు. కానీ టాంగో నష్టపోయింది. అర్జెంటీనాలో జంట దగ్గరగా ఆనుకుని, అడుగు అడుగుకీ అప్పటికప్పుడు కల్పించుకుంటూ నడుస్తుంది. పోటీ టాంగోలో ఉన్న ఆ తల విదిలింపు అక్కడ కనపడదు. నన్నడిగితే అర్జెంటీనాదే చూడమంటాను. రుంబా విషయంలో తమాషా జరిగింది. లండన్‌లో పాఠాలు చెప్పే పియర్ అనే మాస్టర్ 1947లో క్యూబా వెళ్ళి చూస్తే, అక్కడివాళ్ళు ముందడుగు మొదటి బీట్ మీద కాదు, రెండోదాని మీద వేస్తున్నారు! తిరిగొచ్చి పాఠం మార్చేశాడు. మిగతా మాస్టర్లు ఒప్పుకోక ఏళ్ళ తరబడి కొట్లాడారు.

ఇక తల సంగతి. అబ్బాయి కుడి అరచెయ్యి అమ్మాయి ఎడమ భుజం వెనక ఎముక కింద ఆనుతుంది. ఎడమ చెయ్యి ఆమె కుడిచేతిని పట్టుకుంటుంది. ఎదురెదురుగా సూటిగా కాదు, అమ్మాయి కాస్త అతని కుడివైపుకి జరిగి నిలబడుతుంది. అలాగైతేనే మోకాళ్ళు తగలవు. ఇక ఇద్దరికీ ఖాళీగా మిగిలేది తమ ఎడమవైపే, అందుకే తల అటు. పైగా హాల్లో జంటలన్నీ గడియారం ముల్లుకి ఎదురుదిశలో తిరుగుతుంటాయి, ఢీకొట్టకుండా దారి చూసుకోవాలి కదా. నడిపించడం కూడా చేతులతో లాగి కాదు, ఒంటితోనే.

ఈసారి టీవీలో వచ్చినప్పుడు గౌన్లు వదిలేసి కాళ్ళు చూడండి. వాల్ట్జ్‌లో మనుషులు లేస్తూ దిగుతూ ఉంటారు, టాంగోలో మోకాళ్ళు వంచి ఒకే ఎత్తులో వెళ్తారు. సౌండ్ తీసేసినా ఏదో చెప్పేయొచ్చు. ఇంట్లో వేసి చూడాలనిపిస్తే బల్ల పక్కకి జరిపి, ఇంగ్లీషు వాల్ట్జ్‌తోనే మొదలుపెట్టండి. వియన్నాది వద్దు, కింద పోర్షన్‌వాళ్ళు పైకొస్తారు. నాయనమ్మని మాత్రం పిలవకండి, మోకాలి నొప్పి ఇంకా తగ్గలేదు.

ఆశీస్సులతో,
మీ తాతయ్య